బరువు పడినప్పుడు

మూడూ నలభై. గూడ్సు రావడానికి ఇంకా గంటుంది. గంటంటే చాలా సేపే అని తనకు తాను నచ్చజెప్పుకుంటూ ఆమె బటన్ మీద వేలు పెట్టి నొక్కింది. టక్కుమంది. మళ్ళీ నొక్కింది. టక్కుమంది. ఇంకోసారీ అంతే. ఇప్పుడు పలుకుతుంది, ఎందుకు పలకదు, ఎదురుగా బండి లేదు, మునిగిపోయే కొంపా లేదు, ఇలాంటప్పుడు ఈ కెమెరా అంత బుద్ధిమంతురాలు ఎక్కడా ఉండదు. నిన్నా ఇంతే. నిన్న మధ్యాహ్నమంతా నొక్కిన ప్రతిసారీ పలికి, తీరా ఇంజను వంతెన మీదికి ఎక్కేసరికి నోరు కుట్టేసుకుంది. యాభై ఎనిమిది వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. ఆమె నొక్కుతూనే ఉంది, వేలు నొప్పెట్టేదాకా, గోరు తెల్లబడేదాకా. చివరి వ్యాగను వెనక గార్డు, తనను పలకరించడానికే ఎవరో ఆడమనిషి డాబా మీద నిలబడిందనుకున్నాడో ఏమో, చెయ్యి కూడా ఊపాడు. బండి పోయిన రెండు నిమిషాలకు ఊరికే నొక్కి చూస్తే టక్కుమంది. ఆ చప్పుడు విన్నప్పుడు కెమెరాను ఎత్తి ఏట్లోకి విసిరేద్దామనిపించింది. విసరలేదు. ఆఫీసుది. ఆఫీసుకు ఉన్నది అదొక్కటే, దాన్ని వాడే మనిషీ తనొక్కతే.

వంతెనల పరీక్ష చేసే ఆఫీసులో ఫోటోల విభాగం అంటే ఆమే. పదకొండేళ్ళుగా ఆమె తీసిందంతా తుప్పు, నాచు, ఊడిన పెచ్చులు, బోల్టుల చుట్టూ కారిన ఎర్రటి చారలు. మనుషుల ఫోటోలు తీసే స్టూడియో వదిలేసి వచ్చిన కొత్తలో, "మనుషులైతే నవ్వమంటే నవ్వుతారు, సిమెంటు ఏం నవ్వుతుందే" అని అక్క వెక్కిరించేది. సిమెంటు నవ్వదు గానీ నోరు తెరుస్తుంది. అదిగో, ఆ మూడో స్తంభం. పాత పంపుహౌసు డాబా మీద ఆమె నిలబడిన చోటికి నలభై గజాల దూరంలో, రెండంతస్తుల ఎత్తున, స్తంభం నెత్తి కింద మూరెడు పొడవున వెంట్రుక లాంటి గీత. దానికి అటొకటి ఇటొకటి ప్లాస్టిక్ పలకలు అతికించి ఉన్నాయి, ఒకదాని మీద మిల్లీమీటరు గళ్ళు, ఇంకోదాని మీద ఎర్రటి గీత. పగులు కదలకపోతే ఎర్ర గీత సున్నా మీద ఉంటుంది. పెద్ద ఇంజనీరు ఎప్పుడొచ్చి చూసినా సున్నా మీదే ఉంది. ఆయన వచ్చేది పొద్దున పదింటికి, బండ్లు లేని వేళ. ఇది పైపైన పడిన బీటే, సిమెంటు పాలు పోసి మూసేసి రంగు వేస్తే సరిపోతుందని రాశాడు. పనివాళ్ళు రేపు పొద్దున ఎనిమిదింటికి వస్తారు. పలకలు పీకేస్తారు, గీత మాయమవుతుంది, కాయితం మీద వంతెనకు ఆరోగ్యం వస్తుంది. కాదని చెప్పింది ఒకే ఒక్కడు, పట్టాల మీద నడిచి బోల్టులు బిగించే మేస్త్రి. ముప్పై ఏళ్ళ సర్వీసులో కొన్ని వందల అనుమానాలు రాసిచ్చినందుకు ఆఫీసులో ఆయన పేరు అనుమానాల మేస్త్రి. బరువు బండి పోయేటప్పుడు ఆ పగులు తెరుచుకుంటోందనీ, నిచ్చెన మీద నిలబడి కళ్ళారా చూశాననీ ఆయన చెప్పాడు. బండి పోయేటప్పుడు నిచ్చెన ఎక్కకూడదని ఆయనకే మెమో ఇచ్చారు.

బ్యాటరీ తీసి రెండోది వేసింది. నిండుగా ఉంది. కార్డు మార్చింది. లెన్సు విప్పి, దాని వెనక వరసగా ఉన్న, కెమెరాకు కబురు అందించే బంగారు రంగు చుక్కల్ని మెత్తటి గుడ్డతో తుడిచింది, కెమెరా వైపున్న చుక్కల్నీ తుడిచింది, మళ్ళీ బిగించింది. ఇవన్నీ నిన్న రాత్రి ఇంట్లోనూ చేసింది. అంతకు ముందు నెలలోనూ చేసింది. చిన్న లెన్సు పెడితే ఏ పేచీ లేదు, వంద నొక్కితే వంద పడతాయి. ఈ పొడుగాటి లెన్సు పెడితేనే, మోచేయంత పొడవు, పసిబిడ్డంత బరువు, ఆఫీసులో అందరూ తొండం అని పిలిచే ఈ లెన్సు పెడితేనే, అప్పుడప్పుడు మొరాయిస్తుంది. అప్పుడప్పుడు. ఆ మాట దగ్గరే వస్తుంది చిక్కంతా. ఎప్పుడూ పనిచేయకపోతే పాడైందంటారు, ఎప్పుడూ పనిచేస్తే బాగుందంటారు, అప్పుడప్పుడు అంటే మాత్రం వినేవాడు వస్తువును వదిలేసి మనిషిని చూస్తాడు. కెమెరా డాక్టరు కూడా అలాగే చూశాడు. మేడ మెట్ల కింద అరగది అంత కొట్టులో, ఒంటి కంటికి భూతద్దం తగిలించుకుని, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, కెమెరానూ తొండాన్నీ దాని మీద పడుకోబెట్టి రెండొందలసార్లు నొక్కాడు. రెండొందలసార్లూ పడింది. "నా దగ్గరికొస్తే రోగాలు దాక్కుంటాయమ్మా. మీరు మరీ గట్టిగా నొక్కుతున్నారేమో" అన్నాడు. తన వేలి మీద తనకే అనుమానం వచ్చేలా అన్నాడు. మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ అంతే. మూడోసారి ఆమె గడప దాటుతూంటే ఆయన భార్య లోపల్నుంచి "ఆవిడేనా, మళ్ళీ" అనడం వినబడింది.

మళ్ళీ. అక్క కూడా ఫోన్‌లో ఆ మాటే అంది. మళ్ళీ అలా అయిందే. ఎలా అయిందక్కా? గుండె ఒక మెట్టు తప్పినట్టు, కింద మెట్టుందనుకుని కాలు పెడితే లేనట్టు. అక్కకు గ్రంథాలయంలో ఉద్యోగం, మూడంతస్తుల పాత కట్టడం, లిఫ్టు ఉందంటే ఉంది గానీ అది పుస్తకాల బండికే, మనుషులకు కాదు, బండి చక్రం విరిగాక అదీ లేదు. చేతుల మీద గడ్డం దాకా పుస్తకాలు పేర్చుకుని మెట్లెక్కేది. డాక్టరు ఛాతీ మీద తీగలు అతికించి గీతలు గీయించాడు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి, కాపీ రాసినట్టు ఉన్నాయి. బావ ఆ కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఎవరడిగినా తీసి చూపించేవాడు. బంగారంలా ఉందండీ గుండె, ఆవిడకు ఊరికే బెంగ. బావ చెడ్డవాడు కాదు. అక్క నిద్రపోయాక ఒక చెవి ఆమె వీపుకు ఆనించి వినేవాడట, చాలా రోజుల తర్వాత చెప్పాడు, అప్పుడు కూడా సవ్యంగానే కొట్టుకునేదట. టెస్టులన్నీ బాగానే ఉన్నాయి కదక్కా. ఆ మాట అన్నది బావ కాదు, తనే. ఆ ఆఖరి రోజు పొద్దున ఫోన్‌లో, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఒక చేత్తో లెన్సు తుడుస్తూ. తర్వాత అక్క "అవునులే, నీకు పనుంది" అని పెట్టేసింది. వద్దు, ఇప్పుడు అక్కడికి వెళ్ళొద్దు. నాలుగైంది. నలభై నిమిషాలు.

ఫోకస్. కంటితో చూసి పట్టుకునేది కదా కెమెరా, దాని కంటికి ఏదీ ఆనకపోతే అది షట్టర్ వదలదు, అలా అమర్చి ఉంటుంది. స్తంభమంతా ఒకటే బూడిద రంగు, ఈ వేళకు నీడలో పడుతుంది, బండి ఊపుకు పలక అదురుతుంది, పట్టుకోవడానికి ఏమీ దొరకక లెన్సు ముందుకూ వెనక్కూ తడుముకుంటూ ఉండిపోయిందేమో నిన్న. ఈ ఆలోచన రాగానే ఆమె గుండె ఒక్కసారి తేలికైంది. ఇంతేనా, ఇంత చిన్నదానికా. లెన్సు పక్కనున్న మీటను చేత్తో తిప్పే వైపుకు జరిపింది. కన్ను ఆనించి వలయాన్ని గోరంత గోరంతగా తిప్పింది. మసక లోంచి గళ్ళు తేలాయి, గళ్ళ మీద ఎర్ర గీత తేలింది, సున్నా మీద ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. నొక్కింది. టక్. పది తీసింది, పదీ పడ్డాయి. పదిహేను. పద్దెనిమిది. కింది నుంచి ఏటిగాలి ఒక్క విసురు విసిరింది, డాబా మూల పెట్టిన స్టాండు కొద్దిగా వణికింది, పంతొమ్మిదోసారి నొక్కితే ఏమీ లేదు. చప్పుడు లేదు. తెర మీద తెల్లటి అక్షరాలు, లెన్సు అందడం లేదట. కళ్ళ ముందు ఇంత లావున ఉంటే అందడం లేదట. ఆమె ఆపి, మళ్ళీ వెలిగించింది. టక్. పాడుముండా, అని గట్టిగానే అంది, ఎవరూ లేరు కదా అని. మెట్ల మీద దగ్గు వినబడింది.

మేస్త్రి ఫ్లాస్కు పట్టుకుని పైకి వస్తున్నాడు. తిట్టు విన్నాడో లేదో మొహం చూస్తే తెలియలేదు, ఆ మొహం మీద ఏదీ తొందరగా తెలియదు. మూతలో టీ పోసి ఆమెకిచ్చి, తను పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"పలుకుతోందామ్మా?"

"అప్పుడప్పుడు."

ఆయన తల ఊపాడు. ఆ ఊపులో వేళాకోళం లేదు. "అవును. వచ్చేవాళ్ళు వచ్చే వేళకి అన్నీ బాగానే ఉంటాయి" అన్నాడు. ఫ్లాస్కు గోడ మీద పెట్టి, "మీరు తీయలేకపోయినా పర్లేదమ్మా. నేను చెప్పాల్సింది చెప్పాను. రిటైరయ్యే ముందు ఇంకో మెమో ఎందుకని మా ఆవిడ కూడా అంటోంది" అన్నాడు.

పర్లేదనేవాళ్ళంతా ఇలాగే అంటారు. అవునులే, నీకు పనుంది. ఐదున్నరకు పాసింజరు ఉంది, ఆమె కూడా వారానికి రెండుసార్లు ఎక్కే బండే, ఆఫీసుల నుంచి ఇళ్ళకు పోయేవాళ్ళు, కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాళ్ళు, ఫోన్‌లో కూర ఏం చేయమంటావని అడిగేవాళ్ళు. గూడ్సంత బరువుండదు నిజమే. ఈ రోజు గూడ్సు కింద ఆగిన స్తంభం పాసింజరు కిందా ఆగుతుందనే లెక్క. మేస్త్రి అలా అనుకోడు. "ఇనుము అలిసిపోయేది పెద్ద బరువు మోస్తున్నప్పుడు కాదమ్మా, మోసేసిన తర్వాత" అన్నాడు ఒకసారి, ఎక్కడా చదివింది కాదు, ముప్పై ఏళ్ళు సుత్తితో కొట్టి విన్నది. మోసేసిన తర్వాత. అక్క పుస్తకాలు మోస్తుంటే పడిపోలేదు. మోసి, మూడో అంతస్తులో బల్ల మీద పెట్టేసి, ఖాళీ చేతులతో దిగుతూ, రెండో అంతస్తు మలుపులో కూర్చుందట. ఊరికే కూర్చుందనుకున్నారు. ఇద్దరు ఆవిడ పక్క నుంచే దిగి వెళ్ళారట, నమస్కారం కూడా పెట్టారట.

నాలుగూ పద్నాలుగు. బ్యాటరీ కాదు, కార్డు కాదు, ఫోకస్ కాదు, వేలు కాదు. ఇంక మిగిలింది? డాక్టరు గదిలో అక్క పక్కన తను కూర్చున్న రోజు గుర్తొచ్చింది, గుర్తు రావద్దన్నా వచ్చింది. సన్నటి బల్ల మీద అక్కను వెల్లకిలా పడుకోబెట్టారు, కదలకమ్మా అన్నారు, మిషను కిర్రుకిర్రుమంటూ కాయితం వదులుతోంది, అక్క పైకప్పు వైపు చూస్తూ నెమ్మదిగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు, "పడుకుంటే బాగానే ఉంటుందే. బరువెత్తి మెట్లెక్కితేనే" అంది. కాయితం వచ్చేస్తోందని అందరూ కాయితం వైపు చూశారు. తనూ కాయితం వైపే చూసింది. పడుకుంటే బాగానే ఉంటుంది. ఆకుపచ్చ గుడ్డ. కెమెరా డాక్టరూ దీన్ని పడుకోబెట్టాడు. కెమెరానూ తొండాన్నీ రెండిటినీ బల్ల మోస్తోంది, అందుకే రెండొందలసార్లూ పలికింది. ఇక్కడ స్టాండు మోస్తున్నది కెమెరాను ఒక్కదాన్నే, ఇంత బరువు లెన్సు ముందుకు వేలాడుతూ పైకి చూస్తోంది, దాన్ని మోస్తున్నది ఎవరు? రెండూ కలిసే చోట ఉన్న ఆ సన్నటి వలయం. లెన్సును స్టాండుకే బిగించడానికి ఒక పట్టీ ఉండాలి అసలు, అది ఆఫీసు మారినప్పుడు ఎక్కడో పోయింది, పోయింది కదాని ఎవరూ ఏడవలేదు. ఆమె టీ మూత పిట్టగోడ మీద పెట్టేసి, వేళ్ళతో లెన్సు మొదలు పట్టుకుని కిందికీ పైకీ కదిపింది. కదిలింది. లేనట్టే కదిలింది, పంటి మీద నాలుక పెట్టి చూసుకుంటే తెలిసేటంత. కిందికి నొక్కి బటన్ నొక్కింది, లెన్సు అందడం లేదు. చేత్తో పైకి ఎత్తి పట్టుకుని నొక్కింది, టక్. కిందికి, లేదు. పైకి, టక్. విప్పి చూసింది. వలయం చుట్టూ నాలుగు మరలుండాల్సిన చోట మూడే ఉన్నాయి, ఆ మూడూ వదులే. బరువు పడ్డప్పుడు అక్కడ వెంట్రుకంత సందు విడుతోంది, ఆ సందులో చుక్కకూ చుక్కకూ మాట తెగిపోతోంది. బండి వచ్చినప్పుడు పంపుహౌసు డాబా అదురుతుంది, అందుకే నిన్న ఆ వేళకే. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండిట్లో ఏదీ బయటికి రాలేదు.

"దీనికీ పగులే మేస్త్రి గారూ" అంది.

ఆయన ఒంగి చూశాడు. చిటికెన వేలి గోరుతో ఒక మరను తిప్పబోయాడు. ఆయన దగ్గర ఉన్నవన్నీ గుప్పిటంత బోల్టులు బిగించే పానాలు, ఆ మర తల ఆవగింజంత. కాగితాలు గుచ్చే పిన్నుతో ప్రయత్నించింది, పిన్ను వంగింది. తాళంచెవి అంచు పట్టలేదు. మేస్త్రి జేబులోని చిన్న కత్తి మొన కొంచెం పట్టి, జారి, ఆమె బొటనవేలు చీరింది. నాలుగున్నర అవుతోంది. ఇంక బిగించడం కాదు, మోయడం కావాలి. పిట్టగోడ మీద సంచీ పెట్టి దాని మీద లెన్సు ఆనించింది, గోడ పొట్టి, లెన్సు నదినీ బురదనూ చూస్తుందే తప్ప స్తంభం నెత్తిని చూడలేదు. సంచీ మీద పెట్టె, పెట్టె మీద ఇటుక, ఆ ఇటుక చేత్తో తాకితేనే ఊగుతోంది, బండి వస్తే చెప్పనక్కర్లేదు. చేత్తో మోద్దామంటే ఒక చెయ్యి బటన్ దగ్గర, ఒక చేత్తో నాలుగు నిమిషాలు పసిబిడ్డంత బరువును కదలకుండా పట్టుకోవడం మనిషి వల్ల కాదు. మేస్త్రి ఫోన్ మోగింది. అవతలి స్టేషన్లో సిగ్నళ్ళు చూసే ఆయన, మేస్త్రి ముద్దుగా బావమరిదీ అని పిలుస్తాడు గానీ చుట్టరికమేమీ లేదు. "బయల్దేరిందట" అన్నాడు మేస్త్రి ఫోన్ దించి. "ఏడు నిమిషాలు."

ఆమె ఆయన్ని చూసింది. ఎత్తు చూసింది. భుజం చూసింది, ముప్పై ఏళ్ళు పట్టాలు ఎత్తిన భుజం, చొక్కా కింద కొంచెం ఒకవైపుకు దిగిపోయి ఉంది.

"మేస్త్రి గారూ, ఇటు తిరిగి కూర్చుంటారా?"

ఎందుకని ఆయన అడగలేదు. మూల బోర్లించి ఉన్న బకెట్టు తెచ్చుకుని, వంతెన వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. మెడలో తువ్వాలు తీసి నాలుగు మడతలు వేసి తనే భుజం మీద వేసుకున్నాడు. ఆమె స్టాండు నుంచి కెమెరా విప్పి, ఆయన వెనక మోకాళ్ళ మీద కూర్చుని, తొండాన్ని ఆ తువ్వాలు మీద ఆనించింది. కన్ను పెట్టింది. గళ్ళు కనబడ్డాయి, ఎర్ర గీత కనబడింది, అన్నీ కిందికీ మీదికీ తేలుతున్నాయి. ఆయన ఊపిరి అది.

"మీరు ఊపిరి తీస్తుంటే వంతెన మొత్తం ఊగుతోందండీ" అంది.

"మరి తీయనా, మాననా?"

"బండి ఎక్కాక, నేను చెప్పినప్పుడు బిగపట్టండి. వదలమన్నప్పుడు వదలండి."

"సరే. అలవాటే. మా ఆవిడ మాట్లాడేటప్పుడు ఎలాగూ బిగపడతాను."

మొదట వచ్చేది చప్పుడు కాదు. మోకాళ్ళ కింద డాబా చెబుతుంది, చీమ పాకినట్టు. తర్వాత ఏటి మీద పిట్టలు లేస్తాయి. ఆ తర్వాతే చప్పుడు. ఆమె కన్ను తీయలేదు, కన్ను తీస్తే గీత పోతుంది, చెమట కనురెప్ప మీదికి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. పలుకుతావా, పలకవా, ఈ ఒక్కసారి, అని ఎవరిని అడుగుతోందో ఆమెకు తెలియదు. పడుకోబెట్టిన మనిషినా, లేచి నడుస్తున్న మనిషినా. బరువు పెట్టి చూడండని ఆ రోజు డాక్టరుతో ఒక్క మాట అని ఉంటే. నాకు పనేమీ లేదక్కా, చెప్పు, అని ఉంటే. ఇంజను వంతెన ఎక్కింది. డాబా గడగడలాడింది. "పట్టండి" అంది. ఆయన భుజం రాయి అయింది. ఆ చట్రంలో ప్రపంచమంతా వణుకుతుంటే గళ్ళు మాత్రం ఒకచోట నిలబడ్డాయి. ఎర్ర గీత సున్నా మీద ఉంది. ఇంజను మూడో స్తంభం మీదికి వచ్చింది, గీత జరిగింది. ఒక గడి. ఆమె నొక్కింది. టక్. మొదటి వ్యాగను, రెండోది, గీత వెనక్కి వచ్చి మళ్ళీ జరిగింది, రెండు గళ్ళు, టక్, టక్. స్తంభం ఊపిరి తీస్తోంది. ప్రతి వ్యాగనుకూ ఒక ఊపిరి. "వదలండి. పట్టండి." టక్. నొక్కింది, పలకలేదు. మళ్ళీ నొక్కింది, పలకలేదు. తెర మీద తెల్లటి అక్షరాలు. "పైకి. కొంచెం పైకి, మేస్త్రి గారూ, వెంట్రుకంత." ఆయన కూర్చున్నచోటే వెన్ను నిటారు చేశాడు, అంగుళంలో సగం లేచిందా భుజం, అలా లేచి ఆగింది. ఆపి వెలిగించింది. ఎన్ని వ్యాగన్లు పోయాయో. కన్ను పెట్టింది. గీత మూడు గళ్ళ అవతల ఉంది. మూడు. పగులు నల్లగా, స్పష్టంగా, అంచుల నుంచి పొడి రాలుతూ తెరుచుకుని ఉంది. టక్. టక్. టక్. "వదలండి." ఆయన ఊపిరి పెద్దగా వదిలాడు. "పట్టండి." టక్. టక్. ఆఖరి వ్యాగను పోయింది. గార్డు ఈసారీ చెయ్యి ఊపాడో లేదో ఎవరూ చూడలేదు. ఎర్ర గీత వెనక్కి వచ్చింది, నెమ్మదిగా, కానీ సున్నా దాకా రాలేదు. సగం గడి ఇవతలే ఆగిపోయింది. ఆమె దాన్నీ రెండుసార్లు తీసింది. టక్. టక్. నిన్నటి దాకా పూర్తిగా వచ్చేది.

పదకొండు ఫోటోలు. కెమెరా తెర మీద ఒక్కొక్కటే పెద్దవి చేసి, వాటిని ఫోన్‌తో ఫోటో తీసి, బండి రాకముందు సున్నా మీద తీసినదొకటి, మూడు దాటినదొకటి, వెనక్కి రానిదొకటి, మూడూ పెద్ద ఇంజనీరుకు పంపింది. నాలుగూ యాభై మూడు. ఆయన చూడలేదు. నాలుగూ యాభై ఎనిమిది, ఇంకా చూడలేదు. మీటింగులో ఉంటాడు, ఫోన్ బోర్లా పెట్టి ఉంటాడు, మర్యాదస్థుడు కదా. ఫోన్ చేసింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఆవిడేనా, మళ్ళీ. అవును, మళ్ళీ, ఎన్నిసార్లయినా. నాలుగోసారికి ఎత్తాడు, గొంతు తగ్గించి, "చెప్పండమ్మా, మీటింగులో ఉన్నాను" అన్నాడు.

"ఫోటోలు చూడండి సార్. ఇప్పుడే చూడండి. నేను లైన్లోనే ఉంటాను."

తను అలా మాట్లాడగలదని ఆమెకు తెలియదు. అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు. ఆమె బొటనవేలి నుంచి నెత్తురు కారి ఫోన్ అంచున ఎండిపోయింది.

"ఇది ఇవాళ్టిదేనా?"

"పావుగంటైంది సార్. వెనక్కి పూర్తిగా రాలేదు, చూడండి, మూడోది."

"చూశాను." ఆయన గొంతులో ఇప్పుడు మర్యాదా లేదు, కోపమూ లేదు. "ఐదున్నర బండి ఎక్కడుంది?"

"తెలీదు సార్."

"ఫోన్ పెట్టెయ్యండి. నాకు లైను కావాలి."

అంతే. ఆపుతాననీ అనలేదు, ఆపననీ అనలేదు. మేస్త్రి బకెట్టు మీదే కూర్చున్నాడు, ఇప్పటికీ వంతెన వైపు మొహం పెట్టి, ఇంకా లెన్సు భుజం మీద ఉన్నట్టే ఒక పక్క ఎత్తి పట్టుకుని. ఆమె వచ్చి ఆయన ముందు కూర్చుని కెమెరా చూపించింది. ఆయన కళ్ళద్దాలు తెచ్చుకోలేదు, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, ఆఖరికి కెమెరా ఆమెకే ఇచ్చేశాడు.

"ఎంతమ్మా?"

"మూడు. మూడు దాటి కొంచెం."

"రెండని రాశాను నేను" అన్నాడు. తువ్వాలు భుజం మీంచి తీసి మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. "మెమో వచ్చాక నాకే అనుమానం వచ్చింది. ముసలి కళ్ళు కదా, లేనిది చూశానేమోనని. మా ఆవిడతో కూడా అన్నాను, చూసి ఉండకపోవచ్చునే అని."

ఆమె కెమెరా ఆపి ఒళ్ళో పెట్టుకుంది. చెప్పడానికి ఏదో ఉంది గానీ అది ఆయనకు చెప్పాల్సింది కాదు, చెప్పాల్సిన మనిషి వినే చోట లేదు. ఐదూ పది. ఐదూ పంతొమ్మిది. పొద్దు ఏటి అవతలి గోడౌన్ల వెనక్కి దిగుతోంది, స్తంభాల నీడలు నీళ్ళ మీద పొడుగవుతున్నాయి. వంతెన ఆ చివర సిగ్నల్ ఆకుపచ్చగా ఉంది, ఇంకా ఆకుపచ్చగానే ఉంది. ఆమె లేచి నిలబడింది. ఏం చేయాలి, పట్టాల మీదికి పరుగెత్తాలా, ఎర్రగుడ్డ ఎక్కడుంది, మేస్త్రి సంచీలో ఎర్ర జెండా ఉండాలి, ఆయనా లేచాడు, ఆయన చెయ్యి అప్పటికే సంచీలోకి వెళ్ళింది. ఇద్దరూ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. ఒక్క క్షణం అక్కడ ఏ దీపమూ లేదు. తర్వాత ఎర్రది వెలిగింది.

ఐదున్నర అయింది. కాళ్ళ కింద డాబా ఏమీ చెప్పలేదు. ఏటి మీద పిట్టలు లేవలేదు, ఇందాక లేచినవి ఒక్కొక్కటే వచ్చి స్తంభాల మొదళ్ళలో వాలుతున్నాయి. ఆమె పై మెట్టు మీద కూర్చుంది. మేస్త్రి రెండు మెట్లు కింద కూర్చున్నాడు, జెండా విప్పకుండానే ఒళ్ళో పెట్టుకుని. ఫోన్ మోగింది. అవతలి స్టేషన్లోని బావమరిది మేస్త్రితో ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడంటే ఆమెకూ వినబడుతోంది. పాసింజరు ప్లాట్‌ఫారం మీదే ఆపేశారట, ఎప్పుడు వదులుతారో చెప్పలేదట, జనం దిగి వచ్చి కిటికీ చుట్టూ మూగారట, ఒకావిడైతే స్టేషను మాస్టరు ఏడు తరాలనూ దులిపేస్తోందట, నన్ను కూడా తిడుతున్నారు బావా, నేనేం చేశాను మధ్యలో.

"తిట్టనీరా" అన్నాడు మేస్త్రి. ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుని, వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. "ఎంతసేపు తిడతారో తిట్టనీ. ఇళ్ళకెళ్ళాక కూడా తిట్టుకోనీ."